“నాకేటీ నేదు బాబూ, ఆయన్ని సూడండి”: ఆలస్యంగా తెలిసిన ఒక గుండెపోటు కేసు

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆటోలో తీసుకొచ్చారు. ఆమె వెనక సీట్లో పడుకుని లేదు. ముందున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, వంగి కూర్చుని ఉంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి “పడుకుంటే సచ్చిపోతాను” అంది. ఆ మాటతోనే సగం విషయం తెలిసిపోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషి పడుకోలేడు.

శ్రీకాకుళం జిల్లాలో పదిహేనేళ్ళుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆమెను చూడగానే గుర్తుపట్టాను. అంతవరకు ఆమె నా పేషెంటు కాదు. షుగరు, బీపీ ఉన్న భర్తను ఆరేళ్ళుగా నెలనెలా నా దగ్గరకు తీసుకొచ్చేది. ఆయన బిళ్ళల పేర్లు ఆయనకు తెలియవు, ఈమెకు తెలుసు. ఏది తిన్నాక, ఏది తినకముందు, ఏది అయిపోవచ్చింది, అన్నీ నోటికి చెప్పేది. “మీరెలా ఉన్నారమ్మా?” అని ఎప్పుడైనా అడిగితే ఒకటే జవాబు: “నాకేటీ నేదు బాబూ, ఆయన్ని సూడండి.” నేను ఆయన్నే చూశాను. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టలేదు. ఈ కేసు రాయాలని అనిపించింది అందుకే. ఆమె, ఆమె కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నలభై గంటలు

ఆమెకు 53 ఏళ్ళు. పలాస చుట్టుపక్కల జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. వారం రోజులుగా నీళ్ళ బిందె ఎత్తితే ఆయాసం వస్తోందట. వయసు అనుకుంది. రెండు రోజుల కిందట మధ్యాహ్నం పన్నెండున్నరకు, పనిలో ఉండగా, రెండు రెక్కల మధ్య వీపులో నొప్పి మొదలైంది. దవడ లాగినట్టు అయింది. చెమటలు పట్టాయి, ఒకసారి వాంతి అయింది. “గ్యాసు” అనుకుని వాము నమిలి, సోడా తాగి, ఇంటికొచ్చి పడుకుంది. సాయంత్రానికి నొప్పి తగ్గింది కానీ మనిషి లేవలేకపోయింది.

మర్నాడు పొద్దున ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్ళారు. ఆయన గ్యాసు ఇంజెక్షన్ చేసి, నీరసం అని రెండు అరలీటరు సెలైన్ బాటిళ్ళు ఎక్కించాడు. ఆయనకు చెడు చేయాలన్న ఉద్దేశం ఏమీ లేదు. మన ఊళ్ళల్లో నీరసానికి సెలైన్ అనేది డాక్టర్లకంటే ముందు జనమే అడిగే వైద్యం. కానీ ఒక లీటరు నార్మల్ సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మనిషి రోజంతా తినే ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అప్పటికే దెబ్బతిన్న గుండెకు ఒక పూటలో అంత ఉప్పు, లీటరు నీరు చేరాయి. ఆ రాత్రి రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చుంది.

కొడుకు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. మన రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005 నుంచి ఉంది. దాన్ని పిలిస్తే ఆక్సిజన్ దారిలోనే అందేది. ఎందుకు పిలవలేదని తర్వాత అడిగాను. “యాక్సిడెంటు అయితేనే వస్తాదనుకున్నాను” అన్నాడు. ఈ అపోహ ఇంకా చాలామందికి ఉంది.

చూసింది, చేసింది

నాడి నిమిషానికి 118. బీపీ 168/100. శ్వాస నిమిషానికి 34. ఆక్సిజన్ 84 శాతం. ఊపిరితిత్తుల్లో రెండు వైపులా సగం దాకా గురగుర. షుగరు 342, తనకు షుగరుందని ఆ క్షణం దాకా ఆమెకు తెలియదు. ఈసీజీలో ఛాతీ ముందువైపు లీడ్లలో వి1 నుంచి వి4 దాకా ఎస్‌టీ పైకి లేచి ఉంది, క్యూ వేవ్‌లు కూడా ఏర్పడ్డాయి. అంటే గుండె ముందు గోడకు రక్తం ఆగి చాలా గంటలైంది. గుండె కండరం దెబ్బతిందని చెప్పే ట్రోపోనిన్ పరీక్ష పాజిటివ్. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం. గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు లోపలి రక్తంలో ఎంత భాగాన్ని బయటికి పంపుతుందో చెప్పే లెక్క అది. మామూలుగా 55కు పైన ఉండాలి.

గుండెపోటు వచ్చిన 12 గంటల్లోపు అయితే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేజ్ లాంటి ఇంజెక్షన్ చేసేవాళ్ళం. మొదటి గంటల్లో అది ఎంత త్వరగా పడితే అంత కండరం దక్కుతుంది. ఈమె వచ్చింది 40 గంటలకు. ఆ అవకాశం దాటిపోయింది.

కూర్చోబెట్టే ఉంచి, మాస్కుతో ఒత్తిడి మీద ఆక్సిజన్ పెట్టాం. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసమైడ్, నైట్రోగ్లిజరిన్ డ్రిప్, ఇన్సులిన్, హెపారిన్ మొదలుపెట్టాం. ఆస్పిరిన్ నమిలించాం. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, కొవ్వు తగ్గడానికి ఎక్కువ మోతాదులో అటోర్వాస్టాటిన్ (స్టాటిన్ రకం మందు) ఇచ్చాం. మధ్యాహ్నానికి లీటరున్నర మూత్రం వచ్చింది, మొహంలో కాస్త తెరిపి కనిపించింది. గుండె వేగాన్ని తగ్గించే బీటాబ్లాకర్ మాత్రం ఊపిరితిత్తులు తేలికపడేదాకా ఆపాను. నీరు నిండిన గుండె మీద దాన్ని తొందరపడి వేస్తే ప్రమాదం.

రెండో రోజు సాయంత్రం విశాఖపట్నం పంపాం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3 ఉంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కన పనిచేసే డాక్టరు ఎవరైనా యాంజియోగ్రామ్ మందు వేసే ముందు కిడ్నీ సంగతి రెండుసార్లు ఆలోచిస్తాడు. అక్కడి వాళ్ళు తక్కువ మందుతో చేశారు. గుండె ముందువైపు ప్రధాన ధమని మొదట్లోనే 95 శాతం మూసుకుపోయి ఉంది, దానికి స్టెంటు వేశారు. కుడి ధమనిలో 60 శాతం అడ్డు ఉంది, మూడో ధమని సన్నగా, పొడుగునా జబ్బు పట్టి ఉంది. ఆ రెంటినీ మందులకు వదిలేశారు. ఖర్చంతా ఆరోగ్యశ్రీలో అయిపోయింది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా మా దగ్గర అందరూ ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు.

కేసు ఇక్కడితో ముగిసిందని చాలామంది అనుకుంటారు. నాకు అసలు పని ఆమె తిరిగొచ్చాక మొదలైంది.

ఎవరూ అడగని ప్రశ్నలు

మా కేస్ షీటులో “అలవాట్లు: లేవు” అని ఉంది. రాసింది డ్యూటీ డాక్టరు, కింద సంతకం నాది. ఆడవాళ్ళ కేస్ షీటులో ఆ గడి చాలాసార్లు అడక్కుండానే నిండిపోతుంది. మూడో వారంలో గొంతు చూద్దామని నోట్లో టార్చి వేశాను. అంగిలి మామూలుగా లేదు. తెల్లగా మందంగా కట్టి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలున్నాయి. ఈ జిల్లాలో పనిచేసినవాడికి ఆ అంగిలి చూస్తే వేరే చెప్పనక్కరలేదు.

“అడ్డపొగా అమ్మా?”

ఆమె కోడలి వైపు చూసి తల దించుకుంది.

చుట్ట నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని తాగడమే అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఉంది. అంగిలి క్యాన్సరుకు కారణమని వైద్య గ్రంథాల్లో మన ప్రాంతం పేరుతోనే ఉంటుంది. అంగిలి గురించి అంతమంది రాశారు కానీ అదే పొగ గుండెకు ఏం చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పదహారో ఏట అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. పొద్దున లేవగానే ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, పెరట్లో. 37 ఏళ్ళు. పొగాకు రక్తనాళాల లోపలి పొరను గాయపరుస్తుంది, రక్తాన్ని గడ్డకట్టే వైపు నెడుతుంది, నాళాలను బిగిస్తుంది. రోజుకు రెండే కదా అనుకోవడానికి లేదు. గుండె విషయంలో కొద్ది పొగకు కూడా పెద్ద నష్టమే ఉంటుంది.

తర్వాత కాన్పుల గురించి అడిగాను. గుండె డాక్టర్ల దగ్గర ఈ ప్రశ్న అరుదు. ఇరవై అయిదో ఏట మూడో కాన్పులో కాళ్ళూ మొహం వాచి, ఫిట్స్ వచ్చాయి. “గుర్రపువాతం అన్నారు బాబూ, నేనూ బిడ్డా బతకమనుకున్నారు.” బిడ్డ దక్కింది. ఆమె ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత ఎవరూ ఆమె బీపీ చూడలేదు. గర్భంలో బీపీ బాగా పెరిగిన ఆడవాళ్ళకు తర్వాతి కాలంలో గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపు. కాన్పుతో వాపు తీసింది, ఫిట్స్ ఆగాయి, కానీ రక్తనాళాలకు తగిలిన దెబ్బ పూర్తిగా పోలేదు. ఆమె గుండెజబ్బుకు మొదటి హెచ్చరిక 28 ఏళ్ళ కిందట పురిటి గదిలోనే వచ్చింది.

ఇంకొకటి ఉంది. ముప్పై నాలుగో ఏట తెల్లబట్ట, నడుం నొప్పి అని గర్భసంచి తీయించుకుంది. “మళ్ళీ గొడవ ఉండదని అండాశయాలు కూడా తీసేశారు” అంది. పాత కాగితం కోడలు వెతికి తెచ్చింది, అందులోనూ అలాగే ఉంది. మన తెలుగు రాష్ట్రాల్లో చిన్నవయసులో గర్భసంచి తీయించడం దేశంలోనే ఎక్కువ, ఇది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో పదేపదే కనిపించింది. అండాశయాలు కూడా అంత చిన్న వయసులో పోతే స్త్రీకి నెలసరి ఆగేదాకా ఉండే రక్షణ అకస్మాత్తుగా పోతుంది. కొవ్వుల లెక్క మారుతుంది, రక్తనాళాలు గట్టిపడడం ముందే మొదలవుతుంది. అవసరమైన చోట ఆ ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, దాన్ని తప్పుపట్టను. తెల్లబట్టకు మాత్రం అది వైద్యం కాదు. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను.

మోకాళ్ళ నొప్పికి నాలుగేళ్ళుగా డైక్లోఫెనాక్ బిళ్ళలు, పని ఎక్కువైన రోజు ఇంజెక్షన్. కింద కూర్చుని జీడిపిక్కలు కొట్టేవాళ్ళలో ఇది రోజువారీ మందు. కిడ్నీలకు మంచిది కాదని ఉద్దానం చుట్టుపక్కల ఇప్పుడు చాలామందికి తెలుసు. అదే బిళ్ళ ఒంట్లో ఉప్పును పట్టి ఉంచి బీపీ పెంచుతుందని, గుండెపోటు ముప్పునూ పెంచుతుందని తెలిసినవాళ్ళు తక్కువ.

మిగతా లెక్కలు త్వరగా చెప్తాను. మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 10.2. చెడు కొవ్వు ఎల్‌డీఎల్ 138, మంచి కొవ్వు హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 246. హిమోగ్లోబిన్ 9.4. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. చూస్తే లావు అనిపించదు, నడుం చుట్టుకొలత మాత్రం 92 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ళలో 80 దాటితేనే జాగ్రత్త పడాలి. అన్న 49 ఏళ్ళకు నిద్రలోనే పోయాడు.

2004లో సలీం యూసుఫ్ బృందం 52 దేశాల్లో మొదటి గుండెపోటు వచ్చినవాళ్ళను పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. పొగాకు, కొవ్వులు, బీపీ, షుగరు, పొట్ట, మానసిక ఒత్తిడి, కూరలు పండ్లు తక్కువ తినడం, శ్రమ లేకపోవడం, మద్యం అలవాటు ఎలా ఉందన్నది. ఈ తొమ్మిదే ఆ ముప్పులో దాదాపు 90 శాతానికి కారణమని తేలింది. దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే అయిదారేళ్ళు ముందే వస్తోందని కూడా అందులోనే కనిపించింది, సగటున 53 ఏళ్ళకు. ఈమె వయసు సరిగ్గా అదే. తొమ్మిదింటిలో ఎక్కువభాగం ఈమెలో ఉన్నాయి. ప్రతిదీ చవకగా, ముందే పట్టుకోగలిగినదే.

గుండెలో నొప్పి ఎందుకు రాలేదు?

ఇంటివాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న ఇది. సినిమాల్లో చూపినట్టు గుండె పట్టుకుని పడిపోవాలని వాళ్ళ లెక్క.

ఆడవాళ్ళకు ఛాతీ నొప్పి రాదనుకోవడం తప్పు. వాళ్ళలోనూ ఎక్కువమందికి అదే వస్తుంది. కాకపోతే దానితోపాటు లేదా దాని బదులు వాంతి, వీపు నొప్పి, దవడ నొప్పి, ఆయాసం, అంతుపట్టని నీరసం రావడం మగవాళ్ళకంటే ఎక్కువ. దానిమీద షుగరు తోడైతే నొప్పిని మోసుకెళ్ళే నరాలే దెబ్బతిని ఉంటాయి. ఈమె షుగరు ఎన్నేళ్ళనుంచి ఉందో ఎవరికీ తెలియదు. అరికాళ్ళ మంటలు నాలుగేళ్ళుగా ఉన్నాయని తర్వాత చెప్పింది. చెప్పులు కొత్తవి కాబట్టి అనుకుందట.

రక్తనాళం గురించి కూడా కొడుక్కి బొమ్మ గీసి చెప్పాను. పైపులో పాచి పట్టినట్టు కొవ్వు పైపైన అంటుకుంటుందని అందరూ అనుకుంటారు. అది గోడ లోపల పుండులా పెరుగుతుంది. ఎల్‌డీఎల్ గోడలోకి దూరుతుంది, దాన్ని తినడానికి వచ్చిన కణాలు అక్కడే చనిపోతాయి, పైన పల్చటి పొర ఏర్పడుతుంది. ఆ పొర చిట్లినప్పుడో, ఒరుసుకుపోయినప్పుడో దానిమీద రక్తం గడ్డకట్టి నాళం నిమిషాల్లో మూసుకుపోతుంది. 30 శాతం అడ్డున్న చోట కూడా ఇది జరగొచ్చు. అందుకే స్టెంటు వేసిన రెండు మూడు సెంటీమీటర్లు బాగైనంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. మిగతా గోడలన్నిటినీ కాపాడేది పొగ మానడం, స్టాటిన్, బీపీ, షుగరు అదుపు. ఆ బొమ్మ కాగితం అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటి పొయ్యి దగ్గర

భర్తకు బీపీ ఉంది కాబట్టి ఆరేళ్ళుగా ఆయనకు వేరే గిన్నెలో ఉప్పు తక్కువ కూర చేసేది. తను అందరూ తిన్నాక, మిగిలిన అన్నంలో ఆవకాయ, ఎండు నెత్తళ్ళు వేసుకుని తినేది. నేను ఆయనకిచ్చిన ప్రతి సలహా ఆ ఇంట్లో అక్షరాలా అమలైంది. ఆమె కంచం దాకా మాత్రం రాలేదు.

డైట్ చార్టు కాగితం ఇచ్చి పంపితే పని జరగదని నాకు తెలుసు. ఒకటే అడిగాను: కిలో ఉప్పు ప్యాకెట్టు ఎన్నాళ్ళొస్తుంది? ఇరవై రోజులన్నారు. ఇంట్లో అయిదుగురు. అంటే మనిషికి రోజుకు 10 గ్రాములు. పచ్చళ్ళు, ఎండుచేపల ఉప్పు ఇందులో లేదు. ప్యాకెట్టు విప్పిన రోజు దానిమీద తేదీ రాయమన్నాను. 40 రోజులు వస్తే అయిదు గ్రాముల లెక్క కుదిరినట్టు. నూనె కూడా అంతే, నెలకు అయిదు లీటర్ల పామాయిల్ వాడేవారు, రెండున్నరకు రావాలన్నాను, మనిషికి అరలీటరు. కోడలికి ఈ పద్ధతి నచ్చింది. మూడో నెలకు ఉప్పు ప్యాకెట్టు 33 రోజులు వచ్చింది. వేరే గిన్నె వంట ఆగింది, అందరికీ ఒకటే కూర.

ఎండుచేప బదులు పచ్చిచేప, వారానికి రెండుసార్లు పులుసు పెట్టమన్నాను. సముద్రం ఒడ్డున ఉండి ఎండుచేప తినడం ధరవల్ల కాదు, అలవాటువల్ల. అన్నం తగ్గించి ఆ చోట పెసలు, ఉలవలు, ఆకుకూర. చోడి (రాగి) అంబలి మంచిదని లోటాలకు లోటాలు తాగేది. పల్చగా కాచిన అంబలి షుగరును త్వరగానే పెంచుతుంది, కాబట్టి ఒక గ్లాసుకు దించాను.

నడక సంగతి కష్టమైంది. “ఆడది సేతులూపుకుంటూ రోడ్డు మీద నడిస్తే ఊరంతా నవ్వుతాది బాబూ” అంది. నిజమే. పార్కులో నడవమని చెప్పే సలహా ఆ ఊరికి పనికిరాదు. పని దగ్గరకు ఒకటిన్నర కిలోమీటరు, షేర్ ఆటోలో వెళ్ళేది. మూడో నెలనుంచి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు నడవమన్నాను. పనికెళ్ళే మనిషిని చూసి ఎవరూ నవ్వరు.

మోకాళ్ళకు డైక్లోఫెనాక్ ఆపి పారాసిటమాల్, వేడి కాపడం, తొడ కండరాలకు రెండు వ్యాయామాలు. కింద కాకుండా చిన్న పీట మీద కూర్చోవడం. నొప్పి పూర్తిగా పోలేదు. ఉందని ఒప్పుకుని నెట్టుకొస్తోంది.

చుట్ట, బిళ్ళలు, జారిపోయిన నెలలు

చుట్ట మానేయమని భయపెట్టలేదు. ఆమెకు సిగ్గు ముందే ఉంది, దాన్ని పెంచితే దాచుకుని తాగుతుంది. మానే రోజు ఆమెనే చెప్పమన్నాను. శుక్రవారం అంది. తలుపు వెనక ఉన్న చుట్టల కట్ట కోడలు చేతికిచ్చింది. నికోటిన్ గమ్ రాశాను. పొద్దున లేవగానే వచ్చే కోరికకు నోట్లో లవంగం పెట్టుకుని వాకిలి ఊడ్చేది. మొదటిసారి 11 రోజులు, రెండోసారి రెండు నెలలు. ఏడో నెలలో సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు వదినలతో కూర్చుని మళ్ళీ తాగింది. వచ్చి తనే చెప్పింది. చెప్పినందుకు సంతోషించాను. ఆ తర్వాత ఇప్పటివరకు లేదు. అంగిలిలో ముక్క తీయించి పరీక్ష చేయించాం, క్యాన్సరు లేదు, తెల్లదనం కూడా సగం తగ్గింది. దంతవైద్యులు ఆరు నెలలకోసారి చూస్తున్నారు.

మందుల విషయంలో తప్పు జరిగింది. మూడు నెలలు బాగా వేసుకుంది, ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతానికి వచ్చింది. నాలుగో నెల రాలేదు. అయిదో నెలలో కాళ్ళ వాపుతో, మూడు కిలోల బరువు పెరిగి వచ్చింది. బీపీ 158/94. పన్నెండు రోజులుగా క్లోపిడోగ్రెల్ సహా అన్నీ ఆపేసింది. స్టెంటు వేసిన మొదటి ఏడాదిలో అది ఆపితే స్టెంటులోనే గడ్డకట్టి మనిషి పోవచ్చు. ఈమెకు అది జరగకపోవడం అదృష్టం, అంతకుమించి ఏమీ కాదు.

ఎందుకు ఆపిందో అడిగితే రెండు కారణాలు. “స్టెంటు ఎట్టేశారు కదా, బాగైపోయిందనుకున్నాను.” ఈ మాట నేను సరిగ్గా చెప్పలేదని అర్థం. రెండోది, నా దగ్గరకు రావాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ పోతాయి. భర్తకు ఒక తేదీ, ఈమెకు ఇంకో తేదీ వేశాను. ఆమె ఆయన తేదీకి వచ్చింది, తన తేదీ మానుకుంది. ఆరోజే ఇద్దరికీ ఒకటే తేదీ చేశాను. మందులు జనరిక్‌లోకి మార్చి రెండు నెలలకోసారి రాశాను. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి చెప్పాను: “ఆరేళ్ళు మీ బిళ్ళలు ఆమె గుర్తుపెట్టుకుంది. ఇకనుంచి ఆమెవి మీరు గుర్తుపెట్టుకోవాలి.” ఆయనకు చదువు రాదు. బిళ్ళల రంగులు, పొద్దుటివి ఎన్ని, రాత్రివి ఎన్ని, నేర్చుకున్నాడు. ఇప్పుడు నా గదిలో ఆమె జవాబు చెప్పేలోపు ఆయనే చెబుతున్నాడు.

ప్రస్తుతం ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్‌తోపాటు ఎజెటిమైబ్, మెటోప్రొలాల్, టెల్మిసార్టాన్, స్పైరనొలాక్టోన్ చిన్న మోతాదు, డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. మొదట రామిప్రిల్ వేశాను, పొడిదగ్గు వచ్చి మార్చాను. క్లోపిడోగ్రెల్ ఏడాది నిండాక కార్డియాలజిస్టు చెప్పి ఆపారు. ఐరన్‌తో హిమోగ్లోబిన్ 11.6కు వచ్చింది. పద్దెనిమిదో నెలలో బీపీ 126/78, హెచ్‌బీఏ1సీ 7.1, ఎల్‌డీఎల్ 52, క్రియాటినిన్ 1.2, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 45. పోయిన కండరం తిరిగి రాదు. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం ఉంది. జీడి పని సగం రోజే చేస్తోంది, దానివల్ల ఇంటికొచ్చే డబ్బు తగ్గింది. గుండెపోటు తెచ్చే నష్టంలో ఇదొకటి, ఏ రిపోర్టులోనూ కనిపించదు.

నా గదిలో మారినవి

పేషెంటుతో వచ్చిన మనిషికి కూడా బీపీ చూస్తున్నాం. నర్సుకు రెండు నిమిషాల పని. తోడుగా వచ్చిన ఆడవాళ్ళలోనే, జబ్బేమీ లేదన్నవాళ్ళలోనే, బీపీ ఉన్నవాళ్ళు మాకు తరచుగా దొరుకుతున్నారు. ఆడవాళ్ళ కేస్ షీటులో నాలుగు ప్రశ్నలు చేర్చాను: కాన్పుల్లో బీపీ గానీ షుగరు గానీ వచ్చిందా, గర్భసంచి ఎన్నో ఏట తీశారు, అండాశయాలున్నాయా, పొగాకు ఏ రూపంలోనైనా ఉందా. చివరిదాన్ని “పొగ తాగుతారా” అని అడిగితే లేదంటారు. “చుట్ట ఏ పూట వేసుకుంటారు” అని అడిగితే చెబుతారు.

ఆ ఆర్‌ఎంపీని కలిసి మాట్లాడాను. తప్పు ఎత్తిచూపడానికి వెళ్ళలేదు. నలభై దాటిన మనిషికి, ముఖ్యంగా షుగరున్నవాళ్ళకు, చెమటతో నీరసం, ఆయాసం, వీపునొప్పి వస్తే సెలైన్ పెట్టేముందు ఈసీజీకి పంపమన్నాను, ఏ వేళలోనైనా నాకు ఫోన్ చేయమన్నాను. తర్వాత ఆయన పంపినవాళ్ళలో ఒకతను నొప్పి మొదలైన రెండు గంటలకే చేరాడు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడింది. గుండె దాదాపు పూర్తిగా దక్కింది.

పోయిన నెల ఆమె కూతురిని, కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలికి 31 ఏళ్ళు. తెల్లబట్టకు గర్భసంచి తీయించుకోమని ఎవరో చెప్పారట. “నాలాగే దీనికీ తీసేస్తారేమోనని తెచ్చాను బాబూ” అంది. గైనకాలజిస్టు దగ్గరకు పంపాను. ఇన్ఫెక్షన్ అని తేలింది, వారం రోజుల మందులతో తగ్గింది.

కూతురికి 27. రెండేళ్ళ కిందట తొలి కాన్పులో బీపీ వచ్చి, నెలలు నిండకముందే ఆపరేషన్ చేశారు. తర్వాత ఎవరూ చూడలేదు.  కుర్చీలో అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే 142/92. వారం తర్వాత మళ్ళీ రమ్మని చూశాను, 140/90. పరగడుపు షుగరు 108. మందు ఇంకా మొదలుపెట్టలేదు. ఉప్పు, బరువు, నడక మీద మూడు నెలలు చూద్దామన్నాను. ఈలోగా మళ్ళీ గర్భం అనుకుంటే ముందే చెప్పమన్నాను, అప్పుడు మొదటి నెలలనుంచే జాగ్రత్త పడొచ్చు. కూతురి ఇంటి ఉప్పు ప్యాకెట్టు మీద కూడా తేదీ రాయమని తల్లే చెప్పింది. తల్లి, తండ్రి, కూతురు, ముగ్గురి చీటీల మీదా ఒకటే తేదీ వేసి పంపాను.